సొట్టపడిన ఎర్రదీపం

ఫిల్ము ముక్క మీద రూపాయి బిళ్ళ పెట్టి, నాయన ఎర్రదీపం కింద కూర్చున్నాను. ఇక చేసేదేమీ లేదు, కదలకుండా కూర్చోవడమే. బిళ్ళ కింద వెలుగు పడదు, చుట్టూ పడుతుంది. కాసేపాగి ఈ ముక్కను మందులో కడిగితే బిళ్ళ ఆకారం గుండ్రంగా తేలిందంటే ఈ దీపమూ దొంగదే. బిళ్ళ ఎక్కడ పెట్టానో నాకే తెలియకుండా ముక్కంతా ఒక్కతీరుగా ఉంటే మాత్రం, దీని కింద అమ్మను కడగొచ్చు. అమ్మను అంటే అమ్మ ఫొటోను. నా ముందు బండ మీద నల్ల లంగాగుడ్డలో చుట్టిన చెక్క స్లైడు ఉంది, కెమెరాలో ఫిల్ము పెట్టి దూర్చేది. అందులో ఒకే ఒక్క ఫిల్ము, నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు తీసింది, ఇంతవరకూ కడగనిది. రాయదుర్గం ఎండలకు ఎన్ని వేసవులు ఉడికిందో. దాని మీద పడిన మనిషి ఇంకా మిగిలి ఉందో లేదో తెలియదు, ఉంటే ఎంత పలచబడిందో తెలియదు. అందుకే చీకట్లో గుడ్డిగా కడగడానికి లేదు, మందులో ఎంతసేపు ఉంచాలో కళ్ళతో చూసుకుంటూ కడగాలి, చూడాలంటే వెలుగు కావాలి, ఆ వెలుగు ఫిల్ముకు తెలియకూడదు. తెలిసిందా, అంతా మసి. పోయిన అమ్మ మళ్ళీ పోతుంది, ఈసారి నా చేతుల్లో.

రేపు అమ్మ సంవత్సరీకం. బళ్ళారి నుంచి తమ్ముడు హరినాథ్ వస్తాడు, బంధువులు వస్తారు, హాల్లో గోడకున్న అమ్మ ఫొటోకు దండ వేసి ఎంత కళగల ముఖమో అంటారు. ఆ ఫొటో నాయన తీసిందే. దాంట్లో అమ్మ నుదురు మైదాపిండి ముద్దలా నున్నగా ఉంటుంది, పుట్టినప్పటి నుంచి గోరు కూడా తగలనట్టు. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా పెరికి నేలకేసి కొట్టి ఆ గాజుపెంకుల మీద నడవాలనిపిస్తుంది నాకు. అమ్మ ఎడమ కనుబొమ్మ మీద నుంచి జుట్టులోకి ఒక మచ్చ ఉండేది. పక్కలో పడుకున్నప్పుడు దాని మీద వేలు పెట్టి నడిపేదాన్ని, చక్కిలిగింత పెడుతోందని అమ్మ నా చెయ్యి తీసేసేది. ఇంట్లో ఉన్న ఏ ఒక్క ఫొటోలోనూ ఆ మచ్చ లేదు. నాయన దిద్దేవాడు. నెగటివ్‌ను వాలుబల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో, ఊపిరి బిగబట్టి, చీమ నడిచినట్టు చిన్నచిన్న గీతలు గీసేవాడు. మశూచి మచ్చలు, ముడతలు, కళ్ళ కింద గుంటలు అన్నీ పోయేవి. లక్ష్మీపతి స్టూడియోలో దిగితే నల్లటి పిల్ల కూడా పెళ్ళికూతురే అని ఊరంతా చెప్పుకునేది. ఆ చేతులే కొట్టేవి. ఆ చేతులే తర్వాత కూర్చుని పెన్సిల్‌తో మాపేవి. కొట్టిన మచ్చను కొట్టినవాడే అంత ఓపిగ్గా, అంత అందంగా తీసేస్తే ఇక ఎవరికి చూపిస్తావు? హరినాథ్‌కు చూపిస్తావా? చిన్నప్పటి నుంచీ హాస్టల్లో పెరిగినవాడు, పోయిన వారమే ఫోనులో అన్నాడు, "నాయన చెయ్యెత్తింది నేనెప్పుడూ చూళ్ళేదక్కా. అమ్మ యాడో జారి పడింటుంది. నీకెప్పుడూ ఆయప్ప మీద కోపమే." ఫోను గోడకేసి కొట్టాను. దాని గాజు పగిలిన గీత ఇప్పటికీ నా బొటనవేలికి గుచ్చుకుంటూనే ఉంది.

గాలి. ఈ ఊళ్ళో గాలే తప్ప వానలు లేవు. వెంటిలేటరుకు కొట్టిన గోనెపట్టా ఉబ్బుతోంది, దాని మీద జీన్సు గుడ్డ, దాని మీద దుప్పటి, పొద్దున్నే సుత్తి తీసుకుని అంగుళానికో మేకు దిగగొట్టాను. ఒక్కో మేకు కొడుతున్నప్పుడు ఒక్కో ముఖం అనుకున్నాను, చివరికి అన్నీ ఒకే ముఖం అయ్యాయి. పక్క సందులో జీన్సు మిషన్లు ఆగకుండా కొడుతున్నాయి. నా సుత్తి చప్పుడు ఎవరికి వినిపిస్తుంది, మనిషిని కొట్టినా వినిపించదు. నేనూ అక్కడ పనిచేసేదాన్నే. చెకింగు. కుట్టు జారిన చోట, రంగు పోయిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి పక్కకు పడేయడం నా పని. లోపం కనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టి అందరికీ కనిపించేట్టు పెట్టాలి. ఎదురుగా కటింగు టేబులు మీద గుండ్రటి బ్లేడు దొంతరలు దొంతరలుగా గుడ్డను వెన్నలా కోసుకుంటూ పోతుంటే, ఎన్నోసార్లు దాని కింద గుడ్డకు బదులు ఒక ముసలి చెయ్యి ఆనించి చూసుకున్నాను మనసులో. ఆ చేతి గోళ్ళు ఆదివారం ఆదివారం నేనే తీస్తాను. సంగటి ముద్ద నేనే చేసి పెడతాను. గోరుకత్తెర చివర చిటికెనవేలి మాంసం దగ్గర ఆగుతుంది, ఆగి, మళ్ళీ గోరు దగ్గరికి వస్తుంది. "తెగుతుందే పద్మా, నిదానం" అంటాడు నాయన, నా ముఖంలోకి చూసి నవ్వి.

దీపం జుమ్మంటోంది. వేడికి దాని రేకు డబ్బా టిక్కుమంటోంది. ఈ దీపం వద్దనుకునే కదా అన్ని దీపాలూ వెతికాను. ముందు మా తిప్పయ్య ఎలక్ట్రికల్ షాపుకు పోయి ఎర్ర జీరోవాట్ బల్బు తెచ్చాను, అందరూ దేవుడి పటాల దగ్గర పెట్టుకునేది. ఎరుపంటే ఎరుపే కదా అనుకున్నాను, తిప్పయ్యా అదే అన్నాడు, "ఎరుపులో రకాలేముంటాయక్కా, దేవుని కాడ పెట్టేదానికంటే మంచిది యాడ దొరుకుతుంది?" అన్నాడు. నాయన అలమారులో అదే రకం ఫిల్ము డబ్బా ఒకటుంది, అందులో నాలుగు అట్టముక్కల మధ్య కొన్ని మిగిలి ఉన్నాయి, ఒకటి కత్తిరించి బిళ్ళ పెట్టి చూశాను. తేలింది. పౌర్ణమి చంద్రుడిలా గుండ్రంగా, తెల్లగా, నన్ను చూసి పళ్ళికిలించినట్టు తేలింది. బల్బుకు పూసిన రంగు అడుగున పలచబడి అక్కడి నుంచి తెల్ల వెలుగు కారుతోంది, నా కంటికి తెలియలేదు, ఫిల్ముకు తెలిసింది. తర్వాత జాతరలో పందిళ్ళకు చుట్టే ఎర్ర లైట్ల పట్టీ తెచ్చాను. అది మరీ ఘోరం, బిళ్ళ చోటు తప్ప ముక్కంతా నల్లగా మాడిపోయింది. దాన్ని తెంపి ముక్కలు చేసి చెత్తలో వేశాను. బల్బు మాత్రం గది బయట తలుపు మీద పెట్టాను. లోపలికి పనికిరానిది బయటికి పనికొస్తుంది, అది వెలుగుతుంటే తలుపు తీయకూడదని ఈ ఇంట్లో చెప్పాల్సిన పనిలేదు. ఇక మిగిలింది అటక మీది ఈ దీపం డబ్బా. నాయన స్టూడియో మూసినప్పుడు కెమెరా అమ్మాడు, కుర్చీలు అమ్మాడు, తెరలు అమ్మాడు, ఈ ఎర్రదీపం మాత్రం అమ్మలేదు.

కర్ర చప్పుడు. టక్, టక్, తలుపు దాకా వచ్చి ఆగింది.

"పద్మా, దీపం వేసినావా?"

"వేసినా."

"దగ్గిర పెట్టుకోవద్దు. చేయి చాచితే అందేంత దూరంలో ఉండల్ల. నీ కళ్ళకు బాగా కనపడిందంటే ఫిల్ముకూ కనపడతాండాదని అర్థం. సొట్ట కాడ టేపు చూసుకున్నావా? ఆడ సందుండాది."

"పొద్దున కొత్త టేపు అంటించినా."

"అంతే మరి. నా బిడ్డవి కదా." కర్ర వెనక్కి తిరిగింది, మళ్ళీ ఆగింది. "ఏం కడుగుతాండావు?"

"కడిగినాక చూపిస్తాలే నాయనా."

సొట్ట కాడ సందుండాది. ఎంత మామూలుగా అన్నాడు. నిన్న అటక మీది నుంచి డబ్బా దింపి దుమ్ము తుడుస్తూ, వేలు ఆ సొట్టలో పెట్టి అడిగాను, ఇది ఎట్ల పడింది నాయనా అని. ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. ఆపరేషనయిన కళ్ళు, పేపరు చదవలేవుగానీ నెగటివ్ ఇస్తే ఇప్పటికీ ఎవరి ముఖమో చెప్పేస్తాయి. "యాడో కింద పడినట్టుండాది" అన్నాడు. దాచినట్టు కూడా అనలేదు. నిజంగా మరిచిపోయాడు. అక్కడే, ఆ మాట మీదే, నా చేతిలోని రేకు డబ్బా ఎత్తి ఆయన తల మీద ఇంకో సొట్ట పెట్టాలనిపించింది, చేతులు లేచాయి కూడా, లేచి, డబ్బాను బల్ల మీద పెట్టి, గుడ్డ తడుపుకొస్తానని లోపలికి పోయి కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో అరిచాను.

కొళాయి. నాయన కూడా కొళాయే తిప్పేవాడు. స్టూడియో ముందుగదిలో బెంచీ, బెంచీ పక్కన అద్దం, అద్దం కింద దువ్వెన, పౌడరు డబ్బా. అందరూ అదే దువ్వెనతో దువ్వుకుని అదే పౌడరు పూసుకుని కూర్చునేవాళ్ళు. వెనకాల డార్క్‌రూము, తలుపు మీద ఎర్రబల్బు. బల్బు వెలిగితే తలుపు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే లోపలున్న ఫొటోలన్నీ పోతాయి. ఊళ్ళో చదువురాని వాళ్ళకు కూడా తెలుసు ఆ సంగతి. లోపల నాయన, సాయానికి అమ్మ. ముందు నీళ్ళ చప్పుడు వచ్చేది. ఆ వెనక ఇంకో చప్పుడు, గోడకు బస్తా తగిలినట్టు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు, తర్వాత బల్బు వైపు చూసేవాళ్ళు. ఒకసారి తనకల్లు నుంచి పెళ్ళిసంబంధం ఫొటోకు వచ్చిన ఒకాయన లేచి నిలబడ్డాడు కూడా. పక్కన ఆవిడ పంచె పట్టుకుని లాగింది, "కూసో అప్పా, మన పిల్ల ఫోటో లోపలుండాది" అంది. ఆయన కూర్చున్నాడు. ప్రతివాళ్ళ ముఖమూ లోపల తొట్టిలో తేలుతూ ఉండేది, దానికోసం అందరూ ఆ తలుపును అలా వదిలేసేవాళ్ళు. నాయన అది తెలుసుకునే అక్కడ కొట్టేవాడు. ఇంట్లో కొడితే పక్కింటి వాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ గదిలో కొడితే ఊరంతా బయట కూర్చుని కాపలా కాసేది. అమ్మ కూడా లోపల నుంచి కేక వేసేది కాదు. ఒక్కసారి మాత్రం నా ఏడుపు విని తలుపు వెనక నుంచి అంది, "తియ్యొద్దు పద్మా, పాడైపోతాయి." దెబ్బలు తింటూ ఫొటోల గురించి. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపు రాదు, దవడలు నొప్పెడతాయి.

సొట్ట పడిన ఆ రోజు, యాడికి అనే ఊరివాళ్ళ పెళ్ళి పని. పెద్ద పెళ్ళి, ఫొటోలు అన్నీ ఒకేసారి వేయాలి, కొత్త ఫొటో కాగితం డబ్బా విప్పారు. నాయన డబ్బా మూత తీసి పెట్టి, బయట ఎవరో పిలిస్తే మామూలు లైటు వేసుకుని చిల్లర వెతుక్కుని పోయాడు. మూత తీసే ఉంది. తర్వాత కడిగిన కాగితం కడిగినట్టు నల్లగా వస్తుంటే ఆయనకు అర్థమైంది, ఎవరి తప్పో కూడా అర్థమైంది, అందుకే అంత కోపం వచ్చింది. తప్పు తనదని తెలిసిన మగవాడి కోపం కంటే చెడ్డది ఇంకేదీ లేదు. అమ్మ జుట్టు పట్టుకుని ఈ డబ్బాకు, నేనిప్పుడు కింద కూర్చున్న ఈ డబ్బాకు, ఈ మూలకు, కొట్టాడు. ఒకసారి కాదు. చప్పుడు రేకు చప్పుడు, స్టూడియో అంతా వినిపించింది. తలుపు తెరుచుకుంది. లోపల ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో అమ్మ నిలబడి ఉంది, ముఖం తడిగా, జాకెట్టు తడిగా, అంతే, చెమట పట్టినట్టు, తల మీద నీళ్ళు పోసుకున్నట్టు. నేను అమ్మకేం కాలేదనుకున్నాను. ఎర్రవెలుగులో ఎరుపు కనిపించదని నాకు అప్పుడు తెలియదు. అమ్మ గడప దాటి ముందుగది ఎండలోకి ఒక్క అడుగు వేసింది, ఒక్కసారిగా ఎర్రబడింది. నుదురు, కన్ను, మెడ, తెల్ల జాకెట్టు, నడుము దాకా. బెంచీ మీదివాళ్ళు లేచిపోయారు. నాయన అమ్మ వైపు చూడలేదు, డబ్బా వైపు చూశాడు. సొట్టపడిన చోట రేకు అతుకు విడి తెల్ల వెలుగు గీతలా కారుతోంది. అమ్మ ఇంకా గుడ్డ అడ్డం పెట్టుకోలేదు, ఆయన అప్పటికే నల్ల టేపు తెచ్చి ఆ సందుకు అంటించాడు.

చాలు. ఈ ముక్క ఎంతసేపు ఉండాలో అంతకంటే ఎక్కువే ఉంది. బిళ్ళ తీసి ముక్కను మందులోకి జార్చాను. తొట్టిని అటూ ఇటూ ఊపుతూ, రావద్దు, గుండ్రం రావద్దు అనుకుంటున్నాను, అంతలోనే మనసులో ఇంకో మూల నుంచి వస్తే బాగుండుననీ అనుకుంటున్నాను. వస్తే ఈ దీపాన్ని కూడా సుత్తితో చితక్కొట్టి, లోకంలో ఇంకో దీపం వెతుక్కుంటూ పోవచ్చు. రాలేదు. ముక్క పాతదనంతో కొంచెం మసకబారిందే తప్ప బిళ్ళ జాడ లేదు. వెనక్కి ముందుకు తిప్పి చూశాను, దీపానికి అడ్డంగా పెట్టి చూశాను. లేదు. దేవుడి దగ్గర పెట్టే బల్బు పనికిరాలేదు, జాతర లైట్లు పనికిరాలేదు, అమ్మ తల పగలగొట్టిన డబ్బా పనికొచ్చింది. నాయన మద్రాసు పోయి ఏరి తెచ్చుకున్న ఎర్రగాజు అది, కాగితానికి హాని జరగకూడదని అంత జాగ్రత్త. కాగితం మీద ఉన్న ఆ జాగ్రత్త... వద్దు, ఇప్పుడు కోపం వద్దు, చేతులు కుదురుగా ఉండాలి.

లంగాగుడ్డ విప్పాను. అమ్మ లంగానే ఇది. ఆసుపత్రిలో కాళ్ళు ఉబ్బి, మాట పూర్తిగా రాని రోజుల్లో నా చెవి దగ్గరికి లాక్కుని చెప్పింది, ట్రంకులో అడుగున ఉందని. ఆ దెబ్బ తగిలిన మర్నాడు, కుట్లు వేయించుకోకముందే, నాయన కొత్త కాగితం కోసం అనంతపురం పోయాడట. అమ్మ స్టూడియో తలుపు లోపల గడియ పెట్టుకుని, ఇన్నేళ్ళు చూసి నేర్చుకున్నట్టే లైట్లు వేసి, కెమెరాలో ఈ స్లైడు పెట్టి, కుర్చీలో కూర్చుని, కెమెరా గొట్టానికున్న రబ్బరు బుడ్డి చేత్తో నొక్కి తనను తాను తీసుకుందట. కడగడానికి ధైర్యం చాలలేదు. కడిగితే ఆయన చూస్తాడు, చూస్తే దిద్దుతాడు. "మీ నాయన చేతికియ్యొద్దు. నువ్వే కడుగు. ఉండాది ఉండేట్టే కడుగు" అంది. ఈ రకం ఫిల్ముకు ఎరుపు కనిపించదు. అందుకే ఎర్రదీపం కింద కడగొచ్చు. అందుకే ఎర్రగా ఉన్నదంతా దీనితో వేసిన ఫొటోలో నల్లగా పడుతుంది, రక్తమైనా, చిన్న గాటైనా సరే. అమ్మకు ఇవన్నీ తెలుసా? తెలిసే ఈ ఫిల్ము ఎంచుకుందా? ఫొటోగ్రాఫరు భార్య అనేవాళ్ళు అందరూ, ఇంకేమీ అనేవాళ్ళు కాదు.

ఫిల్ము మందులోకి దిగింది. ఏమీ లేదు. తొట్టి ఊపుతున్నాను, ఏమీ లేదు, తెల్లగా, ఎండిన చెరువులా ఏమీ లేదు. ఉడికిపోయింది, ట్రంకులో ఉడికి చచ్చిపోయింది, నేను ఆలస్యం చేశాను, ఒక ఏడాది ఎందుకు ఆగాను, ఒరేయ్ లక్ష్మీపతీ, నిన్ను, నిన్ను... ఆగు. మూలన ఏదో. కుర్చీ వీపు. అంచు నల్లబడుతోంది. తర్వాత భుజం, చీర అంచు, నిదానంగా, అమ్మ ఎప్పుడూ గదిలోకి వచ్చినంత నిదానంగా. ముఖం ఇంకా రాలేదు. ఇంకా ఉంచాలి. అప్పుడు తొట్టి నీళ్ళ మీద ఒక తెల్లటి గీత పడింది. సన్నగా, దారంలా. తల ఎత్తి చూశాను. దీపం వేడికి పొద్దున అంటించిన టేపు జిగురు కరిగి జారుతోంది, సొట్ట దగ్గర సందు నోరు తెరుస్తోంది. దీపం ఆర్పితే ముఖం చూడలేను, ఆర్పకపోతే ముఖం మాడిపోతుంది. ఆలోచించలేదు. ఎడమ అరచెయ్యి ఎత్తి ఆ సొట్టకు ఆనించి అదిమాను.

చర్మం చురుక్కుమంది. తీయలేదు. సొట్ట సరిగ్గా అరచేయంత ఉంది. ఇక్కడే, అమ్మ నుదురు ఇక్కడే తగిలింది, నా చెయ్యి ఉన్నచోటే, అమ్మకూ ఇలాగే వేడిగా తగిలి ఉంటుంది ముందు, తర్వాత నొప్పి. కుడిచేత్తో తొట్టి ఊపుతున్నాను, ఎడమచెయ్యి కాలుతోంది, నా పళ్ళ మధ్య నుంచి ఏదో చప్పుడు వస్తోంది, కొళాయి తిప్పడానికి మూడో చెయ్యి లేదు. కొడతావా, కొట్టు, ఇంకా కొట్టు, ఈసారి నేనున్నాను ఇక్కడ, తలుపు ఇవతల ఉన్నాను. ముఖం వస్తోంది. బుగ్గలు, ముక్కు, ఒక కన్ను, ఉబ్బిన రెండో కన్ను, అన్నీ తిరగబడి, తెల్లది నల్లగా నల్లది తెల్లగా, నుదుటి మీద మాత్రం నల్లబడని చోటు ఒకటి, పాయలుగా, కనుబొమ్మ దాటి కిందికి. అదే. కళ్ళు నేరుగా నన్నే చూస్తున్నాయి. అంతే, ఇంకొక్క క్షణం, చాలు. తీసి నీళ్ళలో ముంచి హైపోలో వేశాను. హైపోలో పడ్డాక ఇక వెలుగు ఏమీ చేయలేదు, అయినా చెయ్యి తీయాలని నాకు చాలాసేపు తోచలేదు. తీసినప్పుడు కొంచెం చర్మం రేకుకే అంటుకుని ఉండిపోయింది.

ఫిల్మును నీళ్ళలో కడిగి, చేత్తో పట్టుకుని తలుపు తీశాను. ఎండ ముఖం మీద కొట్టింది. నాయన తలుపు ఎదురుగానే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు, ఎర్రబల్బు కింద, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, తన వంతు ఫొటో కోసం వచ్చినవాడిలా. "ఇయ్యి ఇట్ల" అన్నాడు ఆత్రంగా. అమ్మ ఇవ్వొద్దంది. అయినా ఇచ్చాను. ఇక దిద్దడానికి ఆయన దగ్గర ఏముంది? అంచులు మాత్రమే పట్టుకున్నాడు, వేలిముద్ర పడకుండా, కిటికీ వెలుగుకు ఎత్తాడు.

"భలే కడిగినావే. పొగ లేదు. గీత లేదు." తల ఒకపక్కకు వాల్చి చూస్తున్నాడు, ముఖం వెలుగుతోంది, నిజంగా సంతోషంగా ఉన్నాడు. "నుదుటి మీద ఖాళీ ఉండాది చూడు, ఈడ. పెద్దదే. ఏం ఫరవాలేదు. పెన్సిల్ తేపో, దిద్ది ఇస్తా." కుడిచెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి పోయింది. అక్కడే ఆగిపోయింది. నా వెనక తెరిచిన తలుపులోంచి డబ్బా వైపు చూశాడు, దాని సొట్ట వైపు, మళ్ళీ ఫిల్ము వైపు.

"ఇది ఎప్పుడు తీసినా నేను?"

"నువ్వు తీయలేదు. అమ్మే తీసుకునింది."

గాలికి వాకిలి రెక్క కొట్టుకుంది. పక్క సందులో మిషన్లు కొడుతూనే ఉన్నాయి. నాయన జేబును మళ్ళీ తడుముకున్నాడు. "పెన్సిల్ తేపో పద్మా" అన్నాడు. ఈసారి అడుక్కున్నట్టు అన్నాడు. "రేపు అందరూ వస్తారు. తేపో తల్లీ."

"ఇంట్లో పెన్సిల్ లేదు నాయనా."

ఫిల్మును ఆయన వేళ్ళ మధ్య నుంచి తీసుకుని దండెం మీద క్లిప్పు పెట్టాను. సాయంత్రానికి ఆరుతుంది, ఆరాక అదే దీపం కింద, అలమారులో మిగిలిన కాగితానికి ఆనించి ఫొటో వేస్తాను, రేపు హరినాథ్ వచ్చేసరికి గోడ మీద ఉంటుంది. ఉన్నదాని పక్కనే పెట్టాలి, చూసేవాళ్ళు రెండూ చూడాలి. దానికి మేకు కావాలి. పొద్దున వాడిన సుత్తి గడప దగ్గరే పడి ఉంది. వంగి తీసుకున్నాను. తిరిగేసరికి నాయన రెండు చేతులూ ఎత్తి నుదుటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు, మోచేతులు దగ్గరికి లాక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుని. కర్ర కింద పడిపోయింది. అమ్మ సరిగ్గా అలాగే పెట్టుకునేది. ఆయనకు అన్నీ గుర్తున్నాయి.

సుత్తి నా చేతిలో బరువుగా ఉంది. కాలిన అరచెయ్యి మండుతోంది. నేను ఆయన్ను దాటుకుని గోడ దగ్గరికి పోయి, అమ్మ నున్నటి ఫొటో పక్కన మేకు ఆనించాను. మొదటి దెబ్బకు ఆయన కుర్చీలో ఎగిరిపడ్డాడు. నేను మళ్ళీ కొట్టాను.